గంపకి ఒక పేరు

మార్కెట్టు గేటుకి నోటీసు అంటించిన రోజు నేనే చదివాను. మా చేపలమ్ముకునే ఆడవాళ్ళలో చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. బడికెళ్ళి నేర్చుకున్న చదువు కాదు. చర్చిలో పాటల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, నోటికొచ్చిన పాటని వేలితో అక్షరాల మీద నడిపించుకుంటూ నేర్చుకున్నాను. అందుకని ఏ కాగితమైనా మొదటిసారి చదివితే నాకు సగమే అర్థమవుతుంది. రెండోసారి చదివితే భయం వేస్తుంది. మూడోసారికిగాని అందులో ఏముందో తెలియదు.

ఆ నోటీసు మూడుసార్లూ చదివాను. వచ్చే ఏప్రిల్ నుంచి చేపల మార్కెట్లో ఆశీలు గంపకి మూడు రూపాయల నుంచి ఆరు రూపాయలకి పెంచాలని మున్సిపాలిటీ అనుకుంటోంది. అభ్యంతరం ఉన్నవాళ్ళు పదిహేను రోజుల్లోగా కాగితం మీద రాసి ఇవ్వవచ్చు.

"ఏవుంది పిన్నీ అందులో?" అంది రత్నం. రత్నం నా గంప దగ్గరి మనిషి.

"మనం రోజూ కట్టే ఆశీలు రెట్టింపు చేస్తారంట."

"ఎందుకు రెట్టింపు? అరుగు రెట్టింపు చేశారా, పైన రేకు రెట్టింపు చేశారా?" అని వెనకనుంచి హన్నమ్మ అరిచింది. "వానొస్తే చచ్చిన చేపలు కూడా ఈదుతాయి ఇక్కడ!"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మూడు నుంచి ఆరుకి ఒక్కసారి దూకారంటే దాని వెనక ఎవరో ఉన్నారనిపించింది.

మా తాడేపల్లిగూడెం మార్కెట్లో ఆశీలు వసూలు చేసే హక్కుకి ఏటా వేలం పెడతారు. ఎక్కువకి పాడుకున్నవాడు ఏడాదంతా మా దగ్గర రోజూ వసూలు చేసుకుంటాడు. ఆ ఏడు పాటదారు తాతాజీ, వచ్చే ఏడాదికీ ఆయనే పాడుకున్నాడు. తెల్ల చొక్కా, జేబులో చీటీల కట్ట, నోట్లో ఎప్పుడూ 'అమ్మా, అమ్మా' అనే పిలుపు. అంత మెత్తగా మాట్లాడే మనిషిని నేను నమ్మను.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. మార్కెట్లో మొత్తం ముప్పై ఒక్క గంపలు. ప్రతి గంప దగ్గరా ఇద్దరు కూర్చుంటారు. ఒక మనిషి పెట్టుబడికి గంపెడు చేప రాదు కాబట్టి చెరిసగం వేసుకుని కొంటాం. ఒకరు తూచి డబ్బు పుచ్చుకుంటే ఇంకొకరు కత్తిపీట మీద కోస్తారు. ఆశీలు మాత్రం గంపకి ఒకటే. ఎవరు పెట్టారో తెలియదు, మా అత్తగారి కాలంనుంచీ అంతే. పాటదారులు ఎందరు మారినా గంపల్నే చూశారుగాని, గంప వెనక ఎన్ని తలకాయలున్నాయో ఎవరూ చూడలేదు.

నేనూ రత్నం పద్నాలుగేళ్ళుగా ఒక గంప. తెల్లవారుజామునే తను ఆటోలో గణపవరం పక్క చెరువులకి వెళ్ళి బొచ్చె, శీలావతి చేపలు తెస్తుంది. నేను అరుగు కడిగి త్రాసు కడతాను. తను కోస్తుంది, నేను తూస్తాను. నాకు ఇంట్లో ఎవరూ లేరు. రత్నం లేస్తే నాకు మార్కెట్టూ లేదు. అరవై ఏడేళ్ళ చేతులతో చేప పొలుసు గీకలేను, ఆటో ఎక్కి చెరువులకి పోలేను. ఆశీలు పెరుగుతుందంటే మిగతావాళ్ళకి మూడు రూపాయల భయం. ఆ మూడు రూపాయలకోసం రత్నం ఈ సగం గంప ఎందుకని వదిలేసి వేరేదారి చూసుకుంటుందేమోనని నా భయం.

వెళ్ళిపోయే మనుషుల్ని ముందే పసిగట్టాలని చూడడం ఇప్పుడు నాకు అలవాటు. ఆపగలిగానా అంటే ఒక్కసారీ లేదు. మా ఆయన కైకలూరు వెళ్ళొస్తానని బయల్దేరిన రోజు, ఎన్నడూ లేనిది, నీళ్ళ కాగు నింపి మరీ వెళ్ళాడు. తిరిగి రాలేదు. పోయిన ఏడు కొల్లేరులో చేపల చెరువుల గట్లు సర్కారువాళ్ళు కొట్టేశాక, లంకలో ఉండే మా తమ్ముడు సుందరరావు బతుకుతెరువుకి పిల్లాపాపల్తో లారీ ఎక్కాడు. ముందురోజు నాకు నాలుగు కొరమేనులు పంపాడు. పిచ్చిదాన్ని, సంతోషంగా పులుసు పెట్టుకు తిన్నాను. మర్నాడు ఎవరో చెబితే పరుగెత్తుకు వెళ్ళాను. ఇంటికి తలుపులు కూడా లేవు, ఊడదీసుకుని పోయారు. అప్పట్నుంచీ ఎవరైనా ఊరికే మంచిగా ఉంటే వీళ్ళూ వెళ్ళిపోతారనే అనుకుంటాను.

నోటీసు వచ్చిన మూడోరోజున రత్నం నాకో చిన్న పీట తెచ్చింది. "మోకాళ్ళు నొప్పులంటావుగా, దీనిమీద కూర్చో" అంది.

"ఇప్పుడెందుకే ఇది?" అన్నాను.

"ఎప్పుడిస్తే బాగుంటుంది? ముహూర్తం పెట్టించమంటావా?"

పీట మీద కూర్చున్నానేగాని మనసు కుదురుగా కూర్చోలేదు.

ఆ మధ్యాహ్నమే రాజకుమార్ గారు వచ్చారు. మార్కెట్టు ఎదురుగా ఆయనకి ఉప్పు, కిరాణా కొట్టు. చిన్న వర్తకుల సంఘానికి కార్యదర్శి. "దానమ్మగారూ, అర్జీ నేను రాయించి పెడతానండి" అన్నారు.

"మీకెందుకండీ శ్రమ. నాకు రాయడం వచ్చు."

"సరే, మీరే రాయండి. ఒక్క మాట వినండి. గంపకి ఒక సంతకం చాలు. ముప్పై ఒకటి. అంతకుమించి వద్దు."

"ఎందుకండీ?"

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "చాలండీ. నా మాట వినండి."

ఆయన గొంతు తగ్గించడం నాకు నచ్చలేదు. మంచిమాటైతే గట్టిగా చెప్పొచ్చుగా? మేం అరవై రెండు మందిమి. సగం మందినే చూపించమంటాడేంటి? ఆయన కొట్టుకీ తాతాజీ ఇంటికీ గోడ ఒకటే. మా బలం తగ్గించి ఆఫీసులో చూపిస్తే ఎవరికి లాభం? ఇలా ఆలోచించుకుని, నాకు నేనే చాలా తెలివైనదాన్నని అనుకున్నాను.

రెండ్రోజులు కూర్చుని అర్జీ రాశాను. అరుగు పగిలిందని, పై రేకు చిల్లులు పడిందని, నీటి కుళాయికి బిరడా లేదని, ఇవేవీ బాగుచెయ్యకుండా పెంచడం ధర్మం కాదని రాశాను. వేలిముద్రలు వేయించడానికి బయల్దేరబోతుంటే టీ బడ్డీ దగ్గర రత్నం కనిపించింది. ఎదురుగా తాతాజీ. ఆయన ఏదో అడుగుతున్నాడు, ఇది తల అడ్డంగా ఊపుతోంది. ఆయన నవ్వాడు. ఇదీ నవ్వింది. నన్ను చూడగానే ఇద్దరి నవ్వూ ఆగిపోయింది.

రత్నం వచ్చి గంప దగ్గర కూర్చుని, ఏమీ జరగనట్టు బొచ్చె తల నరికింది.

"ఏవంటున్నాడు?" అన్నాను.

"ఏవంటాడు? ఎండలెక్కువగా ఉన్నాయంటున్నాడు."

"మార్చిలోనా?"

"ఆయనకి ముందే ఉక్క పోస్తోందేమో. నన్నడిగితే నేనేం చెప్పను పిన్నీ?"

అబద్ధమాడుతున్నప్పుడు రత్నం జోకులు ఎక్కువేస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు.

ఆ రోజే అర్జీ పట్టుకుని గంప గంపకీ తిరిగాను. హన్నమ్మ బొటనవేలు నీలం సిరాలో ముంచి "దీంతో ఆశీలు తగ్గకపోతే ఈ వేలు నువ్వే కడగాలి" అంది. హన్నమ్మ కోడలు రూబీ కూడా వేసింది. నెంబర్లు వేసుకుంటూ పోతే అరవై ఒకటి వచ్చాయి. ఒక్కటే తక్కువ. ఆ ఒక్కటీ నా పక్కనే ఉంది.

"వెయ్యవే" అన్నాను.

"గంపకి ఒకటి చాలదా? నీ సంతకం ఉందిగా."

సరిగ్గా రాజకుమార్ గారి మాట.

"అందరూ ఇద్దరిద్దరు వేశారు."

"వేస్తే వేశారు. పిన్నీ, ఆ కాగితం ఇప్పుడే ఇచ్చెయ్యకు. ఒక్కసారి రాజకుమార్ గారికి చూపించు."

"ఎందుకు?"

"చూపించు. ఊరికే."

అంతా తేటతెల్లమైపోయిందనుకున్నాను. ఆయన, తాతాజీ, రత్నం ఒకటే కూటమి. కాగితం ఆయన చేతికిస్తే అది అటే పోతుంది. రేపు మార్కెట్లో రత్నానికి వేరే మంచి చోటేదో చూపిస్తానని ఉంటాడు తాతాజీ. అందుకే పీట, అందుకే నవ్వులు. ఆ సాయంత్రం రత్నంతో మాట్లాడలేదు. మర్నాడు తనకి చెప్పకుండా ఒక్కదాన్నే మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళాను. కాగితాలు తీసుకునే గుమస్తా అర్జీ అందుకుంటుంటే నేను రెండో పేజీ వదల్లేదు. "ఇవ్వండమ్మా, నేను తిననులెండి" అన్నాడాయన. ముద్ర కొట్టి, నాకో నకలు ఇచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని నకలు మూడుసార్లు చదువుకున్నాను. ఒక్క అక్షరం తేడా లేదు. నెగ్గాననుకున్నాను.

వారానికి అభ్యంతరాలు వింటాం రమ్మన్నారు. అందరం వెళ్ళాం. రత్నం కూడా వచ్చింది, కాస్త ఎడంగా గోడకానుకుని నిలబడింది. రెవెన్యూ ఆఫీసరుగారు పెద్దమనిషి. కుర్చీలు చాలక మేం కింద కూర్చుంటే ఫ్యాను ఇటు తిప్పించారు.

"ఈ అర్జీ రాసిందెవరమ్మా?"

"నేనేనండి."

"చాలా బాగా రాశారు. అరుగు సంగతి, రేకు సంగతి ఇంజనీరుకి పంపిస్తాను." తర్వాత తాతాజీ వైపు చూశారు. "మీరేమంటారు?"

తాతాజీ లేచి చేతులు కట్టుకున్నాడు. "అమ్మలు అడిగింది న్యాయమేనండి. ఆరు చాలా ఎక్కువండి. నాలుగు చాలండి."

మావాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఇంత సులభంగా ఎవరూ తగ్గరు.

"కాకపోతే ఒక్క మనవండి. గంపకి కాదండి, మనిషికి నాలుగు. నేను పాట పాడింది ముప్పై ఒక్క గంపలని చూసి. ఇప్పుడు వీళ్ళే స్వయంగా అరవై ఒక్క మంది అమ్ముకుంటున్నామని రాసి, వేలిముద్రలేసి, ఆఫీసులో ఇచ్చారండి. నేను చెబితే మీరు నమ్మేవారు కాదు. ఇప్పుడు నేను చెప్పక్కర్లేదు కదండీ."

నాకు అర్థం కావడానికి ఈసారి మూడుసార్లు అక్కర్లేకపోయింది. మనిషి మీద ఆశీలంటే గంపకి ఎనిమిది. సగం గంపకి కూర్చున్నవాళ్ళు ఎవరూ మోయలేరు. ప్రతి గంప దగ్గరా ఒకరు లేవాల్సిందే. ముప్పై ఒక్క గంపల రహస్యాన్ని ఏ పాటదారూ పట్టుకోలేకపోయాడు. నేను నీలం సిరాతో నెంబర్లు వేసి మరీ అప్పజెప్పాను.

హన్నమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తే.

గోడ దగ్గర్నుంచి రత్నం గొంతు వినిపించింది. "బాబుగారూ, నా పేరు రత్నమండి, నేను అమ్మేదాన్ని కాదండి. దానమ్మ పిన్నికి తోడు కూర్చుంటానండి. కావాలంటే చూడండి, ఆ కాగితంలో నా ముద్ర లేదు."

ఆఫీసరుగారు కాగితం తిప్పి చూశారు. "ఈవిడ పేరు లేదు. నిజమే."

తాతాజీ మెత్తదనం కొంచెం సడలింది. "తోడు కూర్చునేదానివి చేతిలో కత్తిపీట ఎందుకమ్మా?"

"పెద్దావిడ చెయ్యి తెగుతుందని పట్టుకుంటానండి. మీ అమ్మగారు కొబ్బరికాయ కొడుతుంటే మీరు తీసుకుని కొట్టరా? మొన్న టీ బడ్డీ దగ్గర అడిగినప్పుడు కూడా ఇదే చెప్పానుగదండీ మీకు."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వుతో గదిలో ఊపిరాడింది. హన్నమ్మ మోచేత్తో రూబీని పొడిచింది. "నా కోడలు కూడా తోడేనండి. ముద్ర ఊరికే సరదాకి వేసింది."

"నేనెందుకు తోడు? నువ్వే తోడు" అంది రూబీ.

"ఓసి నీ! నీ పెళ్ళికి ముందునుంచీ ఉందే ఆ గంప!"

అలా ముప్పై గంపల వాళ్ళూ అక్కడికక్కడ గుసగుసలాడుకుని, గిల్లుకుని, గంపకొకరు చొప్పున తోడు మనుషులైపోయారు. ఆఫీసరుగారు అద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు. నవ్వొచ్చిందో విసుగొచ్చిందో తెలియలేదు.

"సరేనమ్మా. గంపకి నాలుగు అని కౌన్సిలుకి రాస్తాను. గంపకి ఒక పేరు, ఆ పేరు మీద ఫొటో కార్డు. మీరు తోడు అన్నారు కాబట్టి తోడుగానే ఉండాలి. తూచకూడదు, కొయ్యకూడదు. కార్డు లేని మనిషిని కార్డున్న మనిషి లెమ్మన్నా, పాటదారు లెమ్మన్నా లేవాలి. అప్పుడు నా దగ్గరికి రావద్దు."

తర్వాత కౌన్సిలు అదే ఖాయం చేసింది.

ఆ రోజు ఆఫీసునుంచి కాలవ వంతెన దాకా ఇద్దరం కలిసే నడిచాం. వంతెన మీద నేనే ఆగాను.

"ముందే చెప్పొచ్చు కదే?"

"చెబితే వింటావా? రాజకుమార్ గారు చెబితే ఆయన్నే దొంగని చేశావు. తాతాజీ నన్ను మీరెంతమంది కూర్చుంటారని అడిగాడని చెబితే, నిన్నే ఎందుకడిగాడంటావు. నీతో మాట్లాడాలంటే సాక్షులు కావాలి పిన్నీ."

"నువ్వు వెళ్ళిపోతావనుకున్నాను."

"ఎక్కడికి?"

చోటేదో ఉంటుందనుకున్నానేగాని ఎక్కడో ఆలోచించలేదు.

మర్నాటినుంచి తాతాజీ మనిషి అరుగుల మధ్య తిరగడం మొదలుపెట్టాడు. వాడు అటు తిరిగితే తోడువాళ్ళ చేతులు ఇటు ఆడేవి. మా గంప దగ్గర మాత్రం కదిలేవాడు కాదు. ఆఫీసులో తాతాజీ నోరు మూయించింది రత్నమేగా. రత్నం చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళిచూపులకి వచ్చినదాన్లా కూర్చునేది. నేను కోసేదాన్ని. ముక్క వంకరగా పోయేది. "ఏంటి దానమ్మా, చేపని కోశావా కొరికావా?" అని పాతికేళ్ళుగా కొనే నాగమల్లేశ్వరిగారే అనేశారు. నా వేలు రెండుసార్లు తెగింది. రత్నం చూసి పళ్ళు బిగించుకునేది, ముట్టుకునేది కాదు.

మూడోరోజు నుంచి నేను తన చేతుల్నే చూస్తున్నాను. ఖాళీ చేతులు ఎన్నాళ్ళు కూర్చుంటాయి? చెరువుల దగ్గరే చేపల్ని సైజుల్ని బట్టి వేరుచేసే గ్రేడింగుకి కూలికి పిలుస్తున్నారని ఎవరో అంటుంటే, తల తిప్పి వింది. విన్నట్టు కనపడకుండా వింది. తోడు కూర్చునే మనిషికి కట్టిపడేసేది ఏముంది? పేరు లేదు, చోటు లేదు. ఏ పొద్దునైనా రాకపోతే, ఎందుకు రాలేదని అడగడానికి నాకు మాత్రం ఏం హక్కుంది? నా కోసం లేచి అబద్ధమాడిన మనిషిని నేను మళ్ళీ అనుమానిస్తున్నానని తెలుసు. తెలిసినా ఆగలేదు. ఆ రాత్రి మంచం మీద ఒకటే లెక్క వేసుకున్నాను. కార్డున్న మనిషి కార్డు వదిలి వెళ్ళదు.

శనివారం కార్డులు రాయడానికి గుమస్తా, ఫొటో తీసే అబ్బాయి వచ్చారు. గంప గంపకీ ఆగి ఫొటో తీస్తున్నారు. హన్నమ్మ కొంగు సర్దుకుని మూడుసార్లు తీయించుకుంది.

"పద్నాలుగో గంప. దానమ్మ" అన్నాడు గుమస్తా.

"రత్నం అని రాయండి" అన్నాను.

రత్నం తలెత్తింది.

"అర్జీలో మీ సంతకం ఉందమ్మా."

"సంతకం పెట్టింది నేనే, మార్చమంటున్నదీ నేనే. నేను పెద్దదాన్ని, నాకు కళ్ళు ఆనవు. ఊరికే తోడు కూర్చుంటాను."

"పిన్నీ, నీకు మతి పోయిందా?" రత్నం లేచి నిలబడింది. "రాయకండి బాబూ. ఈవిడికి కోపమొచ్చింది నా మీద."

"కోపమేం లేదు. ఫొటోకి నిలబడు. ముఖం కడుక్కురా ముందు, పొలుసు ఉంది."

తాతాజీ అటే వచ్చాడు. చీటీల కట్ట జేబులో పెట్టుకుని నెమ్మదిగా అన్నాడు. "అమ్మా, తెలిసే చేస్తున్నారా? తోడంటే ఏంటో ఆఫీసరుగారు చెప్పారు కదా. రేపు ఈవిడ లెమ్మంటే మీరు లేవాలి."

"తెలుసండి."

గుమస్తా రాస్తున్నంతసేపూ వంగి చూశాను. త కింద న వత్తు వదిలేస్తాడేమోనని, సున్నా మర్చిపోతాడేమోనని. సరిగ్గానే రాశాడు. రత్నం ముఖం కడుక్కుని వచ్చి, ఫొటోలో నవ్వకుండా నిలబడింది.

వాళ్ళు పదిహేనో గంపకి వెళ్ళాక కార్డు నా చేతిలో పెట్టింది. "చదువు."

"రత్నం."

"ఇంకా?"

"చేపల మార్కెట్టు. గంప నెంబరు పద్నాలుగు."

"ఇంకా?"

"ఇంకేం లేదు."

"నీ పేరు?"

"లేదు."

కార్డు తీసుకుని జాకెట్లో దోపుకుంది. కత్తిపీట తన వైపు లాక్కుంది. నా ముందున్న త్రాసు కూడా లాక్కుంది. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాను. తాతాజీ మనిషికి వినపడేలా గట్టిగా అంది.

"రేపు ఐదింటికల్లా అరుగు కడిగి ఉండాలి. ఆలస్యమైతే ఊరుకోను."

ఆ మాట వాడికోసం అందో, నాకోసం అందో, నవ్వులాటకి అందో నాకు తెలియలేదు. ముఖం చూశాను, ఏమీ దొరకలేదు. మర్నాడు నాలుగున్నరకే వెళ్ళి అరుగు కడిగి, గణపవరం ఆటో వచ్చే రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాను.